హెడ్ గ్యాస్కెట్ బిగించే ముందు చేయాల్సిన పని

కొత్త హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ దాని మీద కూర్చునే హెడ్‌కూ నడుమ మంట, నీళ్లు, నూనె దాటకుండా మూసే పలచటి పొర) వేయించిన కొద్ది రోజులకే బండి మళ్లీ నీళ్లు (కూలెంట్) తాగుతోందంటే అందరూ తిట్టేది గ్యాస్కెట్‌నే. విప్పి చూస్తే పాపం దాని తప్పు ఉండటం అరుదు. దాన్ని బ్లాక్ మీద పరచడం రెండు నిమిషాల పని. అది నిలబడుతుందా లేదా అన్నది అంతకు ముందే, మీరు తుడిచిన తీరులోనూ బోల్టు రంధ్రాల్లోనూ తేలిపోతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే హెడ్ విప్పండి. వేడి మీద బోల్టులు వదిలిస్తే అల్యూమినియం హెడ్ వంగే ప్రమాదం ఉంది. బిగించే వరుసకు తిరగేసి, చివరల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. పాత గ్యాస్కెట్‌ను వెంటనే చెత్తలో పడేయకండి. ఏం జరిగిందో చెప్పే సాక్షి అదే. రెండు సిలిండర్ల నడుమ సన్నటి పట్టీ కాలి తెగిపోయి ఉంటే మంట అటు నుంచి ఇటు దాటిందని అర్థం. ఒక్క పిస్టన్ తల మాత్రం మసి లేకుండా, కడిగినట్టు మెరుస్తుంటే నీళ్లు ఆ సిలిండర్‌లోకి పోయాయి. అసలు ఇంజన్ ఎందుకు వేడెక్కిందో, అంటే ఫ్యానా, థర్మోస్టాటా, నీళ్ల పంపా అన్నది తేల్చకుండా కొత్తది వేయడం దండగ.

శుభ్రం చేసేటప్పుడు సిలిండర్లలో, నూనె రంధ్రాల్లో పీచు ఊడని గుడ్డలు కుక్కండి. పాత ముక్కలను గ్యాస్కెట్ రిమూవర్ ద్రవంతో నానబెట్టి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయాలి. డ్రిల్లుకు రాపిడి బిళ్ల తగిలించి గిర్రున తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఆ బిళ్ల నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి నూనెలో కలిసి బేరింగులను తినేస్తుంది. పైగా అల్యూమినియం మీద కంటికి కనిపించని పల్లాలు పడతాయి. చివరికి గోరు పెట్టి అడ్డంగా లాగి చూడండి. ఎక్కడా తట్టుకోకూడదు. ఆ తర్వాత బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే చాలు. ఇక ఆ ముఖాన్ని నూనె చేతులతో తాకకండి.

ఇప్పుడు సమతలం చూడాలి. మంచి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను హెడ్ మీద పొడవునా రెండు అంచుల్లో, అడ్డంగా రెండు చోట్ల, మూల నుంచి మూలకు రెండు వైపులా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడండి. చిన్న ఇంజన్లలో చాలావాటికి 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిందంటే ఫేసింగ్ (ముఖాన్ని మెషిన్ మీద చదును చేయించడం) తప్పదు. మీ ఇంజన్‌కు కచ్చితమైన హద్దు మాన్యువల్‌లో ఉంటుంది. బ్లాక్ ముఖాన్నీ ఇలాగే చూడాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు. ఫేసింగ్‌కు ఇచ్చేటప్పుడు మీరు వేయబోయేది పొరల ఉక్కు గ్యాస్కెట్ అయితే ఆ మాట ముందే చెప్పండి. పాతరకం మెత్తటి గ్యాస్కెట్ సర్దుకునే గరుకును అది భరించదు. పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ కూడా అప్పుడే చేయించేయండి.

నేను ఎక్కువసేపు గడిపేది బోల్టు రంధ్రాల దగ్గర. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో కాస్త నూనో నీళ్లో మిగిలాయనుకోండి. బోల్టు దిగేకొద్దీ ఆ ద్రవానికి పోయే దారి ఉండదు, అది నలగదు కూడా. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) టక్కుమంటుంది, మీరు బిగిసిందనుకుంటారు. నిజానికి హెడ్ మీద ఒత్తిడే పడి ఉండదు. మరీ గట్టిగా తిప్పితే బ్లాకే పగులుతుంది. అందుకే సిరంజితో పీల్చి, కంటికి అద్దాలు పెట్టుకుని గాలి కొట్టి, పుల్లకు చుట్టిన గుడ్డ పొడిగా బయటికొచ్చే దాకా తుడవాలి. రంధ్రం లోపలి మరలను శుభ్రం చేయడానికి ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వాడకండి, అది లోహాన్ని కోసేస్తుంది. పాత బోల్టుకు నిలువునా రెండు గాడులు కోసి చేత్తో దింపితే మురికంతా ఆ గాడుల్లోకి చేరుతుంది.

డిగ్రీల లెక్కన బిగించే బోల్టులు సాగే రకం అయితే కొత్తవే వేయండి. మాన్యువల్ వేరే చెప్పకపోతే మరలకూ, బోల్టు తల కిందా పలచగా ఇంజన్ ఆయిల్ రాయాలి, కారకూడదు. బోల్టు నీళ్ల గదిలోకి దిగే ఇంజన్లలో మాత్రం మరలకు సీలెంట్ కావాలి.

గ్యాస్కెట్ మీద పైవైపు గుర్తు చూసుకుని డోవెల్ పిన్నుల (గ్యాస్కెట్‌ను సరైన చోట నిలిపే చిన్న గూటాల) మీద కూర్చోబెట్టండి. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు వెళ్లే నూనె రంధ్రం తెరిచి ఉందో లేదో కంటితో చూడాలి. తిరగబడి అది మూసుకుపోతే క్యామ్ ఎండిపోయి పట్టేస్తుంది. నీళ్ల రంధ్రాలు కొన్ని బ్లాక్‌లో కన్నా చిన్నవిగా ఉంటాయి. నీళ్లు ఇంజన్ చివరిదాకా వెళ్లాలని అలా చేస్తారు, వాటిని పెద్దవి చేయకండి. తయారీదారు చెప్పిన చోట తప్ప గ్రీజు, సీలెంట్ వద్దు.

ఏ పిస్టనూ పూర్తిగా పైకి రాకుండా (నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే అన్నీ సగం ఎత్తులో) ఉండేలా క్రాంక్ తిప్పి, హెడ్‌ను ఇద్దరు పట్టుకుని నిటారుగా దించండి. గ్యాస్కెట్ మీద జరపకూడదు.

బిగింపు మధ్య నుంచి బయటికి, విడతలుగా. ఉదాహరణకు అన్నిటినీ 30 న్యూటన్ మీటర్లకు, తర్వాత 60కి, ఆపైన మరో 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు తిప్పడం. ఇవి నమూనా అంకెలే, మీ ఇంజన్ అంకెలు మాన్యువల్‌వి. టార్క్ రెంచ్‌ను కుదుపు లేకుండా ఒకే లాగుడులో లాగండి. డిగ్రీల విడతకు ముందు ప్రతి బోల్టు తల మీద పెయింట్ చుక్క పెట్టుకుంటే ఏది తిప్పారో, ఏది మిగిలిందో చూడగానే తెలుస్తుంది.

టైమింగ్ (క్రాంక్, క్యామ్ గుర్తులు) కలిపాక స్టార్టర్ కొట్టే ముందు క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా తట్టుకుంటే ఆగి చూసుకోవాలి. హెడ్ తీసినప్పుడు నీళ్లు నూనెలో పడి ఉంటాయి కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. కూలెంట్ నింపి, గాలి బుడగలు ఆగి ఫ్యాను తిరిగేదాకా ఇంజన్ నడపాలి. మళ్లీ బిగించే పని పాతరకం గ్యాస్కెట్లలో కొన్నిటికే ఉంటుంది. మాన్యువల్ చెప్పకపోతే బోల్టుల జోలికి పోకండి. మర్నాడు చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం చూడండి. మిగిలిన గాలి బయటికొచ్చి కాస్త తగ్గడం మామూలే, తగ్గినంత పోయండి. ఆ తర్వాత కూడా రోజూ తగ్గుతుంటే మళ్లీ ప్రెషర్ పెట్టి చూడాల్సిందే.