తాబేలు దారి గీసే ముందు ప్రవాహం సంగతి చూడండి

ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్ల కోసం తూర్పు తీరం చేరే కాలం దగ్గరికొచ్చింది. వరంగల్‌కు సముద్రం దూరమే అయినా తాబేలు డిప్పకు అతికించి ఉపగ్రహం ద్వారా జాడ తెలుసుకునే ట్యాగ్ డేటా ల్యాప్‌టాప్‌లోకే వస్తుంది కాబట్టి, ఇక్కడి జువాలజీ విద్యార్థులు కూడా ప్రాజెక్టుకు ఇదే ఎంచుకోవచ్చు. అయితే మ్యాప్ మీద గీత గీసే ముందే జాగ్రత్తపడాలి.

ప్రమాదమంతా ఆ గీతతోనే. తాబేలు ఎక్కడ తేలిందో ట్యాగ్ చెబుతుంది, ఎటు ఈదిందో చెప్పదు. కాళేశ్వరం దగ్గర గోదావరిని నాటు పడవలో దాటినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పడవ ముక్కు అవతలి గట్టుకే ఉంటుంది, చేరేది మాత్రం కాస్త దిగువన. సెకనుకు అర మీటరు ప్రవాహమైనా రోజుకు 43 కిలోమీటర్లు లాక్కుపోతుంది. తాబేలు ఈత వేగం కూడా చాలాసార్లు దానికి అటూ ఇటూగానే ఉంటుంది. మ్యాప్ మీది వేగంలోంచి ప్రవాహాన్ని దిశతో సహా తీసేస్తేనే అసలు ఈత తేలుతుంది. అది చేయకుండా 'తాబేలు ఉత్తరానికి ప్రయాణం కట్టింది' అని రాశారో, వైవాలో దొరికిపోతారు.

మన తీరంలో ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. నవంబరు ట్రాక్‌కు మార్చి లెక్క వాడితే తప్పు పోదు, రెట్టింపవుతుంది. ఏ తేదీకి ఆ తేదీ డేటానే తీసుకోండి. టైము విషయంలోనూ అంతే, ఉపగ్రహ సమయానికి మన గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది. గాలి డేటా కూడా వాడితే దిక్కుల దగ్గర జాగ్రత్త. ఉత్తర గాలంటే ఉత్తరం నుంచి వచ్చేది. ప్రవాహానికి మాత్రం అది ఎటు పోతోందో ఆ దిక్కే రాస్తారు. గాలి, ప్రవాహం ఫైళ్లు రెండూ కలిపేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ముందు చెడ్డ పాయింట్లు ఏరేయండి. ట్యాగ్ ఎక్కడుందో లెక్కగట్టే ఉపగ్రహ వ్యవస్థ ఆర్గోస్‌లో 3వ తరగతి స్థానానికి తేడా 250 మీటర్ల లోపే, 0 తరగతికి ఒకటిన్నర కిలోమీటరు దాటుతుంది. ప్రవాహం తీసేయడం ఆ తర్వాతి పని.

ఉపగ్రహాలు సముద్ర మట్టం కొలిచి లెక్కగట్టే ప్రవాహాలను తీరం పక్కన పెద్దగా నమ్మలేం. గుడ్ల కాలంలో తాబేళ్లు తిరిగేదేమో అక్కడే! హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సమాచారంతో ఓసారి పోల్చి చూసుకోండి. తాబేలు లోతుకు మునిగినప్పుడు పైనీటి లెక్క సరిపోదని రిపోర్టులో ఒక ముక్క రాయండి.

బాపట్ల వైపు తీరానికి వెళ్లే ఆలోచన ఉంటే తుపాను హెచ్చరికలు చూశాకే టికెట్ తీయండి. రాత్రి ఒడ్డున టార్చి వేయొద్దు. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, ఫొటో సరదాకు ముట్టుకున్నా కేసు టెన్షన్ తప్పకపోవచ్చు.