మందు మానితే వచ్చే వణుకు: నాకు పనిచేసిన దారి

పొద్దున లేస్తే చేతులు వణుకు, చెమటలు. క్వార్టర్ పడితేగానీ టీ గ్లాసు చేతిలో నిలిచేది కాదు.

ఒట్లు, అయ్యప్ప మాల (తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు), అన్నంలో కలిపే పసరు పొడి, అన్నీ అయ్యాయి. పంతం పట్టి ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. రోజూ తాగేవాళ్లు ఆ పని మాత్రం చెయ్యకండి, ప్రాణం మీదికొస్తుంది.

చివరికి మా ఆవిడ తాగుడు మానడానికి సాయపడే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసింది. మర్నాడే ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో చేరాను. రోజుకెంత, ఆఖరిసారి ఎప్పుడు అని డాక్టరుగారు అడిగితే నేను సగమే చెప్పబోయాను. మా ఆవిడ పక్కనుంచి అసలు లెక్క చెప్పేసింది. అదే మేలైంది, మాత్రల మోతాదు దాన్నిబట్టే వేస్తారట. ముందు థయమిన్ ఇంజెక్షన్, అంటే బి1 విటమిన్, ఆ తర్వాతే గ్లూకోజు. వణుకు ఆపే మాత్రలు మొదట ఎక్కువిచ్చి, రోజూ కాస్త తగ్గిస్తూ ఎనిమిదో రోజుకి ఆపేశారు. స్కానింగులో ఫ్యాటీ లివర్ తేలింది. మానేస్తే తగ్గే దశేనన్నారు.

ఇంటికొచ్చాక జీతం ఆవిడ చేతికే. మందు గుర్తొచ్చే సాయంత్రాలు ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులో కూర్చుంటున్నా.

తొమ్మిది నెలలైంది. మధ్యలో ఒక పెళ్లిలో జారాను, మర్నాడే డాక్టరు దగ్గరికెళ్లాను. అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను, నాకు కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంది.