న్యూయార్క్ పబ్లిక్ రికార్డుల్లో మనిషిని వెతికే ముందు

ఆగస్టు సెమిస్టర్ దగ్గర పడింది, అద్దె ఇళ్ల వేట మొదలైంది. ఓనరెవరో రికార్డుల్లో చూసుకునేవాళ్లకు:

– పేరు ఒక్కటే కలిస్తే చాలదు. అడ్రసూ కలవాలి. లేదంటే ఎవరి కేసో ఇంకెవరి మెడకో చుట్టి, అమాయకుడి పరువు తీసినవాళ్లమవుతాం.

– మనవాళ్లయితే ఇంటిపేరు ముందూ వెనకా మార్చి వెతకండి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ లేకపోతే వీసాలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది.

– ఇళ్ల దస్తావేజులు న్యూయార్క్ నగర ఆస్తి రికార్డుల సైట్ ‘ఏక్రిస్’లో 1966 నుంచి ఉచితంగా చూడొచ్చు. నగరంలోనే భాగమైన స్టాటెన్ ఐలాండ్‌వి మాత్రం రిచ్‌మండ్ కౌంటీ క్లర్క్ దగ్గర.

– ఓనర్‌గా మనిషి పేరు కాక ఎల్ఎల్‌సీ (ఒక రకం ప్రైవేటు కంపెనీ) పేరుంటే అదే మోసం కాదు. కానీ అడ్వాన్స్ అడిగే మనిషికి ఆ కంపెనీతో సంబంధమేమిటో కాగితం చూశాకే డబ్బు పంపండి. దయచేసి ఇది మాత్రం మరవకండి.

– పేరు కొడితే మనిషి వివరాలు చూపే పీపుల్ సెర్చ్ సైట్లను నమ్మి ఎవరికైనా ఉద్యోగం, అద్దె ఇల్లు ఇవ్వాలా వద్దా అని తేల్చొద్దు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం అడ్డొస్తుంది.