జోన్ వుల్ఫ్ పద్ధతిలో గాలం విసరడం, పట్టిన చేపను ప్రాణంతో విడిచిపెట్టడం

మామూలు గాలంలో ఎర బరువో సీసపు గుండు బరువో దారాన్ని దూరానికి లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఆ వీలు లేదు. పురుగును పోలేటట్టు ఈకలూ నూలూ చుట్టి కట్టిన ఎరకు బరువు దాదాపు ఉండదు కనుక, దళసరిగా ఉండే దారాన్నే గాలిలో విసరాలి. ఎర దాని కొసన వెళ్తుంది. ఇది కండబలం ఉన్న మగవారి విద్య అని చాలాకాలం అనుకున్నారు. ఆ మాటను పోటీ మైదానంలోనే కొట్టిపారేసిన అమెరికన్ మహిళ జోన్ వుల్ఫ్.

ఆమె 1926లో న్యూజెర్సీ రాష్ట్రంలోని పాటర్సన్‌లో పుట్టారు. చిన్నతనంలో, తల్లి తెడ్లు వేస్తుండగా తండ్రి బాస్ చేపలకు గాలం వేయడం, పడవ కుదురుగా నిలపలేదని తల్లినే విసుక్కోవడం చూసి, తెడ్డు పట్టడం కంటే గాలం పట్టడమే మేలని తేల్చుకున్నారట. 1951లో, తక్కిన పోటీదారులందరూ మగవారే అయిన జాతీయ దూర విసురు పోటీలో గెలిచారు. 1960లో 161 అడుగుల దూరం విసిరారు. నాట్యం నేర్చుకుని, నేర్పించిన ఆమె, విసురులో చేయి ఒక్కటే కాక ఒళ్లంతా పాలుపంచుకోవాలని చెప్పేవారు. 1970ల చివరలో భర్త లీ వుల్ఫ్‌తో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలో, క్యాట్‌స్కిల్ కొండల నడుమ పారే బీవర్‌కిల్ నది దగ్గర ఫ్లై ఫిషింగ్ బడి పెట్టారు. వేట చేప విలువైనది, దాన్ని ఒక్కసారే పట్టి ముగించకూడదని లీ 1930ల నుంచే వాదించేవారు. విసరడంలో నేర్పు, విడిచిపెట్టడంలో శ్రద్ధ ఒకే విద్యలోని రెండు భాగాలని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ రెండింటినీ కలిపి వివరిస్తున్నాను.

సాధన నీటి దగ్గర కాకుండా గడ్డి మైదానంలో మొదలుపెట్టాలి. 9 అడుగుల కర్ర, దానికి సరిపడే 5వ నంబరు దారం (దారం బరువును బట్టి ఇచ్చే అంకె) కొత్తవారికి చాలు. ఎర స్థానంలో చిన్న ఊలు ముక్క కట్టాలి. కళ్లద్దాలు, టోపీ మాత్రం సాధనలో కూడా తప్పనిసరి. కర్ర పిడిని బిగించకుండా, బొటనవేలు పైన ఉండేలా పట్టుకుని, సుమారు 30 అడుగుల దారాన్ని ఎదురుగా గడ్డి మీద తిన్నగా పరిచి, కర్ర కొసను నేలకు దగ్గరగా ఉంచాలి. దారంలో వదులు ఉంటే, కర్రను ఎంత కదిపినా ఆ కదలిక దారానికి అందదు.

జోన్ విసురును మూడు భాగాలుగా విడదీసి నేర్పారు. మొదటిది కర్రను వంచే కదలిక: దారం కొస వరకూ కదలడం మొదలయ్యేలా నెమ్మదిగా ఎత్తుతూ వేగం పెంచాలి. రెండవది అసలైన విదిలింపు: బొటనవేలితో ముందుకు నెడుతూ, కింది వేళ్లతో పిడిని వెనక్కి లాగుతూ మణికట్టును చురుగ్గా తిప్పి, ఠక్కున ఆపాలి. ఆ ఆగడంలోనే దారం మెలిక తిరిగి ముందుకు దూసుకుపోతుంది. మూడవది, దారం దిగేకొద్దీ కర్రను కూడా దించడం. వెనకకు విసిరేటప్పుడు కూడా నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచాలి, నిటారుకు కొద్దిగా వెనగ్గా ఆపాలి, ఆపైన ఆగాలి. ఎక్కువమంది తడబడేది ఈ నిరీక్షణలోనే. దారం వెనక పూర్తిగా చాచుకునే వరకూ ముందుకు విసరకూడదు. కొరడా చరిచిన చప్పుడు వినిపిస్తే మీరు తొందరపడ్డారన్నమాట. తల తిప్పి వెనక్కి చూడటంలో తప్పేమీ లేదు. చూసి నేర్చుకున్నవారికే లయ త్వరగా పట్టుబడుతుంది. మొదట్లోనే బలమంతా పెట్టేస్తే దారం తన మీద తానే పడి చిక్కుపడుతుంది. మణికట్టును మరీ వెనక్కి వాల్చేస్తే దారం నేలను తాకుతుంది. 30 అడుగులు చక్కగా పడే వరకూ దూరం గురించి ఆలోచించనక్కర్లేదు, ఎందుకంటే వాగుల్లో ట్రౌట్ చేపలు చాలావరకు ఆ దూరంలోనే దొరుకుతాయి.

నీటి దగ్గరికి వెళ్లే ముందు గాలం ముల్లు మొనకు వెనక్కి తిరిగి ఉండే ఎదురుకొండిని పటకారుతో నొక్కి చదును చేయాలి. చేప పడ్డాక దాన్ని ఆడించి ఆనందించడమే వేట అనుకునేవారున్నారు, కాని అలసిపోయేదాకా పెనుగులాడిన చేప, ఈదుతూ వెళ్లినట్టు కనిపించినా, తర్వాత చనిపోవచ్చు. కాబట్టి తెగిపోతుందని భయపడనక్కరలేనంత గట్టి కొసదారం (ఎరను కట్టే చివరి సన్నని దారం) వాడి, త్వరగా దగ్గరికి తెచ్చుకోవాలి. వలబుట్ట రబ్బరుదైతే పొలుసులూ జిగురుపొరా దెబ్బతినవు. చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేయి ఆ పొరను ఊడదీస్తుంది. మొప్పల్లోకి వేళ్లు పోనివ్వకూడదు, పొట్టను నొక్కకూడదు. చేపను నీళ్లలోనే ఉంచి ముల్లు తీయాలి. ముల్లు గొంతులోకి దిగితే పెరకడానికి ప్రయత్నించకుండా దారాన్ని దగ్గరగా కత్తిరించి వదలడం మంచిది. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యే వరకూ చేప నీటిలోనే ఉండాలి. పైకి ఎత్తిన చేపను కొద్ది క్షణాలకే దించేయాలి. తర్వాత తోక దగ్గర, పొట్ట కింద తేలికగా ఆనించి, తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తానుగా తోక ఆడించి వెళ్లే వరకూ ఓపిక పట్టాలి. ముందుకూ వెనక్కీ ఊపడం వల్ల మేలు లేదు.

ట్రౌట్ చల్లని నీటి చేప. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి, దానికి తేరుకునే శక్తి ఉండదు. అందుకే జేబులో థర్మామీటరు పెట్టుకోవడం, వేసవి మధ్యాహ్నాల్లో ట్రౌట్ జోలికి పోకపోవడం మంచిది. న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువారికి బీవర్‌కిల్ ఒక్క రోజులో కారులో వెళ్లి రాగల దూరమే, కాని న్యూయార్క్‌లో 16 ఏళ్లు నిండినవారందరికీ ఆ రాష్ట్రపు లైసెన్సు కావాలి. నదిలోని కొన్ని భాగాల్లో పట్టిన ప్రతి చేపనూ వదిలేయాలన్న నిబంధన కూడా ఉంటుంది. ఆ వివరాలను రాష్ట్ర పర్యావరణ శాఖ ప్రకటనలో బయలుదేరేముందే చూసుకోవాలి.