ఒకే ఇంట్లో రెండు అల్లరి కుక్కలు: పెంపకం తీరు

రెండు కుక్కలున్న ఇంట్లో తగాదాలు ఎక్కువగా తిండి గిన్నె దగ్గరే మొదలవుతాయి కనుక, వేర్వేరు మూలల్లో వేర్వేరు గిన్నెలు పెట్టి, పావుగంట తరువాత మిగిలినదాన్ని తీసివేయాలి. శిక్షణ కూడా విడివిడిగానే ఇవ్వాలి. జంటగా ఉన్నప్పుడు అవి మనిషి మాట కంటే ఒకదాని కదలికను మరొకటి ఎక్కువగా గమనిస్తాయి. చెప్పులు కొరికిన గంటకు తిట్టడం వల్ల ప్రయోజనం లేదు, ఆ తిట్టు దేనికో కుక్కకు తెలియదు. చెప్పులను ఎత్తున పెట్టి, కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వడమే మేలు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కలు ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటాయి కాబట్టి, వాటిని తెల్లవారుజామున లేదా చీకటి పడ్డాకే నడిపించాలి. వాకిట్లోని బండల మీద అరచేతి వెనుక భాగాన్ని 5 సెకన్లు ఆనించలేకపోతే వాటి పాదాలూ కాలుతాయి. మధ్యాహ్నం నీడలో రెండు నీళ్ల తొట్లు ఉంచాలి.

ఆదివారం కోడికూర మిగిలిందని వాటికి పెట్టే అలవాటును, ఇంటి పెద్దలు నొచ్చుకున్నా సరే, మాన్పించాలి: ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

రేబిస్ టీకాను పశువైద్యుడు చెప్పిన గడువులోనే రెండింటికీ వేయించాలి. ఆటలోనైనా పిల్లలకు పన్ను గాటు పడితే, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.