డొమైన్ పాఠాలు – 4: పేరు మనది, జవాబు ఎవరిదో

పోయిన పాఠంలో ఒక పేరు పట్టుకుని, ఇంటర్నెట్ పేర్లన్నిటికీ పైమెట్టైన రూట్ సర్వర్ దాకా నడిచాం. లేని ఎక్స్‌టెన్షన్ (డాట్ కామ్‌లాంటి చివరి ముక్క) గురించి అడిగితే రూట్ ఠక్కున 'లేదు' అంటుందని అభ్యాసం చేసినవాళ్లు గమనించే ఉంటారు. ఈ పాఠమంతా ఆ 'లేదు' మీదే. దాన్ని నమ్ముకుని ఏళ్ల తరబడి నడిచిపోయిన నెట్‌వర్క్‌లు బోలెడు.

కొత్త ఎక్స్‌టెన్షన్ల తిప్పలు అనగానే చాలామంది 2012 నాటి సంగతి ఎత్తుతారు. ఒకరి ఫైళ్ల పేర్లు, యూజర్‌నేమ్‌లు ఇంకొకరికి కనబడటంతో ఏప్రిల్ 12న, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ కొత్త ఎక్స్‌టెన్షన్ల దరఖాస్తుల సైటును ఆపేసింది. మళ్లీ తెరిచింది మే 22న. దరఖాస్తుకు 1,85,000 డాలర్ల చొప్పున కట్టినవాళ్లకు ఒళ్లు మండి ఉంటుంది. కానీ అందులో మనం నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. అసలు చిక్కు ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఉంది.

ఒక సంస్థ తన లోపలి సర్వర్లకు డాట్ కార్ప్ అని సొంతంగా పేరు పెట్టుకుందనుకోండి. ఆఫీసులో ఉన్నంతసేపూ లోపలి డీఎన్ఎస్ సర్వరే (పేరు అడిగితే అడ్రస్ చెప్పేది) జవాబిస్తుంది, ఏ గొడవా లేదు. అదే ల్యాప్‌టాప్ బయటి వైఫై మీద 'మెయిల్ డాట్ కార్ప్ ఎక్కడ?' అని అడిగితే ప్రశ్న రూట్ దాకా పోతుంది, 'లేదు' అని తిరిగొస్తుంది, ప్రోగ్రామ్ ఊరుకుంటుంది. రేపు డాట్ కార్ప్ నిజంగానే ఇంకెవరి చేతికో వెళ్లిందంటే ఈసారి జవాబు వస్తుంది. ఆ జవాబిచ్చింది తనవాళ్లు కాదని ల్యాప్‌టాప్‌కేం తెలుసు? పాస్‌వర్డ్ పట్టుకెళ్లి ముక్కూమొహం తెలియని సర్వర్ చేతిలో పెట్టినా పెట్టొచ్చు. దీన్ని నేమ్ కొలిజన్ అంటారు. 'పేర్ల ఢీ' అందామనుకున్నాను గానీ, ఢీకొంటే కనీసం చప్పుడవుతుంది. ఇక్కడ అదీ ఉండదు.

డాట్ కార్ప్, డాట్ హోమ్, డాట్ మెయిల్ కోసం రూట్‌కు వచ్చే ప్రశ్నల వరద చూసి ఐకాన్ ఆ మూడింటినీ పక్కన పెట్టింది. వాటిని ఎవరికీ ఇచ్చేది లేదని 2018లో తేల్చేసింది.

ఇంకో దారిలోనూ ఇదే దెబ్బ తగులుతుంది, కనిపెట్టడం మరీ కష్టం. పొట్టిపేరు టైప్ చేస్తే కంప్యూటర్ దాని వెనక సంస్థ డొమైన్‌ను తోకలా తగిలిస్తుంది కదా. లండన్ శాఖలో ప్రింటర్‌కు 'ప్రింటర్ డాట్ లండన్' అని కొట్టడం అలవాటైందనుకుందాం. మధ్యలో చుక్క ఉన్న పేరును కొన్ని సిస్టమ్‌లు ముందు ఉన్నదున్నట్టు అడుగుతాయి, లేదని తేలాకే తోక తగిలిస్తాయి. 2014లో డాట్ లండన్ నిజంగానే వచ్చింది. ఆ పేరును ఎవరైనా రిజిస్టర్ చేసుకుంటే మొదటి ప్రశ్నకే జవాబు దొరుకుతుంది, తోక దాకా వెళ్లే పనే ఉండదు. ఆఫీసులో ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోలేదు, ప్రింటర్ మాత్రం మాయం!

అందుకని 2014లో ఒక తెలివైన ఏర్పాటు చేశారు. కొత్త ఎక్స్‌టెన్షన్‌ను జనానికి వదిలేముందు 90 రోజులపాటు, ఢీకొనే అవకాశమున్న పేర్లు అడిగితే 127.0.53.53 అనే అడ్రస్ ఇస్తారు. 127తో మొదలయ్యే అడ్రస్ మీ కంప్యూటర్‌దే కాబట్టి సమాచారం బయటి సర్వర్‌కు పోదు. పని మాత్రం ఆగిపోతుంది. 53 అంటే డీఎన్ఎస్ వాడే పోర్ట్, అంటే ఆ పనికి కేటాయించిన తలుపు నంబరు. లాగ్‌లో (కంప్యూటర్ రాసుకునే చిట్టాలో) ఈ అంకెలు చూసినవాడు ఇదేంటని వెతకాలి, వెతికితే కారణం దొరకాలి, అదీ ఎత్తు. మీ లాగ్‌లలో ఎప్పుడైనా 127.0.53.53 కనబడితే వైరస్ అనుకుని కంగారుపడకండి. లోపలి పేరు ఏదో బయటికి కారుతోందని అర్థం.

ఇప్పుడు మీ వంతు. మీ నెట్‌వర్క్‌లో రోజూ వాడే లోపలి పేర్లు మూడు రాసుకోండి. ఒక్కోదాన్ని ముందు పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) చేసి వచ్చిన అడ్రస్ నోట్ చేసుకోండి. తర్వాత, డీఎన్ఎస్‌ను నేరుగా అడిగే ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌లో అదే పేరు చివర ఒక చుక్క పెట్టి అడగండి. ఆ చుక్క ఉంటే తోక తగలదు, మీరిచ్చిన పేరే పూర్తి పేరు. రెండుసార్లూ ఒకే అడ్రస్ వస్తే తోకతో పని లేదన్నమాట. పింగ్‌కు దొరికి, చుక్కతో దొరకకపోతే మీరు తోక మీద ఆధారపడ్డారు. చివరగా బయటి డీఎన్ఎస్ సర్వర్‌ను పేర్కొని మళ్లీ చుక్కతోనే అడగండి. అక్కడ 'లేదు' అని వచ్చిన, మీరు కొన్న డొమైన్ కింద లేని ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు పెట్టుకోండి.

గుర్తు పడ్డవాటికి మందు సులువే: మీరు కొనుక్కున్న డొమైన్ కిందే లోపలి పేర్లు పెట్టుకోండి. ఉత్త పరీక్షలకైతే డాట్ టెస్ట్ ఉంది, 1999 నుంచీ ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టారు. డాట్ డెవ్ పొట్టిగా ఉందని సొంత కంప్యూటర్‌లో వాడుకున్న ప్రోగ్రామర్లకు 2017 డిసెంబర్‌లో షాక్ తగిలింది. ఆ ఎక్స్‌టెన్షన్ అప్పటికే గూగుల్‌ది. క్రోమ్ 63 వచ్చాక డాట్ డెవ్ పేర్లన్నీ భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరుచుకోవాలంది, సర్టిఫికెట్ లేని పరీక్ష సైట్లన్నీ ఆగిపోయాయి.

వచ్చే పాఠానికి మీ గుర్తుల కాగితం అక్కర్లేదు. 2001లో వచ్చిన డాట్ ఇన్ఫో ఈమెయిల్‌ను 'తప్పు అడ్రస్' అన్న వెబ్ ఫారాల సంగతి చూస్తాం. చుక్క తర్వాత మూడక్షరాలు మించకూడదని ఎవరు చెప్పారో వాటికి!