ఇంట్లోని పాత రంగు ప్రమాదంగా మారిందని ఎలా గుర్తించాలి?

పాత రంగులో భయపడాల్సింది అందులోని సీసం (లెడ్) గురించే. అది చూడటానికి టార్చ్, తెల్ల గుడ్డ, బకెట్ నీళ్లు చాలు. పిల్లలను పక్కింటికి పంపి మొదలుపెట్టండి.

ముందు ఏ రంగో చూడండి. వట్టి సున్నం కొట్టిన గోడల గురించి టెన్షన్ వద్దు. చూడాల్సింది తలుపులు, కిటికీ ఊచలు, గేటు, గడప మీది ఎనామిల్ పెయింట్. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిందైతే సీసం ఉందనే అనుకోండి. పసుపు, నారింజ, ఎరుపు రంగులైతే మరీ అనుమానించాలి. వాటిలో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపేవారు. పసుపు రాసే ఓపిక లేక పసుపు ఎనామిల్ వేయించిన గడపను మొదట చూడండి.

పెచ్చులు, పగుళ్లు, చేతికి అంటుకునే పొడి ఉంటే ఇక సందేహమే లేదు, ప్రమాదమే.

అందరూ పొరబడేది దీని తర్వాతే. రంగు నున్నగా ఉందని తలుపును వదిలేస్తారు. వానాకాలం చెక్క ఉబ్బితే రెక్క ద్వారబంధానికి రాసుకుంటుంది. తీసి వేసిన ప్రతిసారీ సన్నటి పొడి రాలుతుంది. పాకే పిల్లలు ఆ నేల మీదే చేతులు పెట్టి, అవే నోట్లో పెట్టుకుంటారు. అందుకే టార్చ్‌ను ఎదురుగా కాదు, పక్కనుంచి ఏటవాలుగా వేయాలి. రెక్క అంచు, బందుల దగ్గర, కిటికీ కింది గట్టు తడిగుడ్డతో తుడవండి. గుడ్డకు రంగు అంటిందా, అది ప్రమాదమే. అంటకపోయినా సీసం లేదని కాదు, కంటికి కనపడని దుమ్ము కూడా ఉంటుంది. రంగు మారే టెస్ట్ కిట్లను నేను ఒప్పుకోను. పై పొర బాగుంటే అడుగు పొరల సంగతి వాటికి తెలియదు. పెచ్చును ల్యాబ్‌కు పంపడమే సరైన పద్ధతి.

పరీక్ష పేరుతో బ్లేడుతో గీకకండి. సంక్రాంతికి ముందు పెయింటర్లు గరుకు కాగితంతో పొడిగా రుద్దుతుంటే దయచేసి ఆపించండి. ఒక్క పూట రుద్దుడుతో ఇల్లంతా సీసం దుమ్మవుతుంది. మంటతో కాల్చి తీయడం ఇంకా ఘోరం, పొగలోనూ సీసమే. నీళ్లు చల్లి, కింద ప్లాస్టిక్ షీటు పరిచాకే గీకాలి. చీపురు పట్టొద్దు, తడిగుడ్డే వాడాలి.

ఆరేళ్లలోపు పిల్లలుంటే డాక్టరును అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. లక్షణాలు లేవని ఆగకండి, చాలామందిలో ఏవీ కనపడవు. రక్తం వేలి నుంచి కాకుండా నరం నుంచి తీయమనండి. వేలికంటిన దుమ్ము వల్ల లెక్క తప్పుతుంది.